సీక్వెన్సింగ్‌కి డబ్బు కట్టేముందు: డీఎన్‌ఏనా, ఆర్‌ఎన్‌ఏనా, ఉన్న డేటాతోనే సరిపోతుందా?

విశాఖలో పీజీ ప్రాజెక్టో పీహెచ్‌డీనో మొదలుపెట్టిన పిల్లలు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "సీక్వెన్సింగ్ చేయిద్దామనుకుంటున్నాం, ఏది చేయిస్తే బాగుంటుంది?" సీక్వెన్సింగ్ అంటే డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల అక్షరాల వరుసను యంత్రంతో చదివించడం. అప్పటికే వాళ్ల దగ్గర రెండు మూడు కంపెనీల కొటేషన్లు ఉంటాయి, శాంపిల్స్ ఫ్రీజర్‌లో ఉంటాయి. తేల్చుకోవాల్సిన ప్రశ్న మాత్రం ఇంకా తేలి ఉండదు. చేతిలో ఉన్న కొద్దిపాటి గ్రాంటు ఒకసారి ఖర్చయితే మళ్లీ రాదు కాబట్టి, ఈ వరుసను తిరగేయమని గట్టిగా చెప్తాను.

ముందు మీ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి. అందులో "ఏముంది", "ఎవరిది", "ఏ మార్పు ఉంది" లాంటి మాటలుంటే మీ దారి డీఎన్‌ఏ. "ఇప్పుడేం జరుగుతోంది", "ఎలా తట్టుకుంటోంది" లాంటివి ఉంటే ఆర్‌ఎన్‌ఏ, అంటే జన్యువు పనిచేసేటప్పుడు దాన్నుంచి తయారయ్యే నకలు. రెండూ ఉంటే అవి రెండు ప్రాజెక్టులు. ఒకటి పూర్తయ్యాక రెండోది మొదలుపెట్టండి.

మన చుట్టూ ఉన్న పనులతోనే చూద్దాం. భీమిలి తీరం వెంబడి రొయ్య హేచరీలున్నాయి, వెన్నామి చెరువులున్నాయి. ఏజెన్సీలో సికిల్ సెల్ జబ్బు ఉంది. ఇక్కడి విద్యార్థుల ప్రాజెక్టులు చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతాయి.

ఒకే చెరువు, రెండు రకాల ప్రశ్నలు

ఒక రైతు చెరువులో రొయ్య తింటోంది గానీ కౌంట్ రావడం లేదు, అంటే ఎదగడం లేదు. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి సోకిందని అనుమానం. "ఈ చెరువులో ఈహెచ్‌పీ ఉందా?" అన్నది మీ ప్రశ్నయితే అసలు సీక్వెన్సింగే అక్కర్లేదు, ఫలానా డీఎన్‌ఏ ముక్క ఉందో లేదో చూసే పీసీఆర్ పరీక్ష చాలు. తెల్లమచ్చ వైరస్ సంగతీ అంతే. దాని జీనోము (మొత్తం జన్యు సమాచారం) దాదాపు 3 లక్షల బేసుల, అంటే అక్షరాల డీఎన్‌ఏ, ఉందో లేదో పీసీఆర్ చెప్పేస్తుంది. మన దగ్గర తిరుగుతున్న వైరస్ ఎక్కడి రకానికి దగ్గర, అందులో ఏ భాగాలు ఊడిపోయాయి అని తెలుసుకోవాలంటే అప్పుడు డీఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కి అర్థం ఉంటుంది.

ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. రొయ్య వైరస్‌లన్నీ డీఎన్‌ఏ వైరస్‌లు కావు. టౌరా సిండ్రోమ్, ఎల్లో హెడ్, కండరాన్ని తెల్లబరిచే ఐఎంఎన్‌వీ మూడూ ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లే. డీఎన్‌ఏ లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కి సిద్ధం చేసిన ముక్కల సమూహం) ఎంత లోతుగా చదివించినా అవి కనబడవు. "ఏ వైరస్ ఉందో తెలియదు, వెతకాలి" అన్నది మీ పనయితే ఆర్‌ఎన్‌ఏ చదివించడమే మంచిది. డీఎన్‌ఏ వైరస్ కూడా కణంలో పెరిగేటప్పుడు ఆర్‌ఎన్‌ఏ తయారు చేస్తుంది కాబట్టి రెండు రకాలూ అందులో చిక్కే అవకాశం ఉంటుంది.

"ఈహెచ్‌పీ సోకిన రొయ్య ఎందుకు ఎదగట్లేదు?" అన్నది వేరే రకం ప్రశ్న. ఇది ఆర్‌ఎన్‌ఏ పని. సోకిన రొయ్యల్లో, సోకని రొయ్యల్లో ఏ జన్యువులు ఎంత పనిచేస్తున్నాయో పోల్చి చూడాలి. ఫలితం వచ్చాక మాత్రం తొందరపడకండి. ఈహెచ్‌పీ ఉండేది హెపటోపాంక్రియాస్ (రొయ్యలో కాలేయం, క్లోమం రెండిటి పనీ చేసే అవయవం) గొట్టాల లోపలి పొర కణాల్లో. జబ్బు ముదిరితే ఆ కణాలు రాలిపోతాయి. అప్పుడు జీర్ణ ఎంజైముల జన్యువులు తగ్గినట్టు కనిపిస్తుంది. జన్యువు నిజంగా మూగబోయిందా, లేక దాన్ని పనిచేయించే కణాలే పోయాయా? ఆర్‌ఎన్‌ఏ డేటా ఒక్కటే ఆ సంగతి తేల్చదు. అదే రొయ్య నుంచి ఇంకో ముక్కను ఫిక్సేటివ్‌లో వేసి హిస్టాలజీకి (మైక్రోస్కోపు కింద కణాలు చూడటానికి) ఉంచుకుంటే ఖర్చు పెద్దగా ఉండదు, ఫలితానికి బలం వస్తుంది. అసలీ పనంతటిలో నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది ఆ రెండో ముక్క గురించే.

ఆర్‌ఎన్‌ఏ ఎక్కువుంటే ప్రొటీన్ కూడా ఎక్కువుంటుందని కచ్చితంగా చెప్పలేం. పేపర్‌లో "ఈ ప్రొటీన్ పెరిగింది" అని రాయాలంటే దాన్ని విడిగా కొలవాలి.

లోతు కన్నా సంఖ్య

డబ్బు తక్కువున్నప్పుడు ఒక్కో శాంపిల్‌కి ఎక్కువ రీడ్లు (యంత్రం చదివిచ్చే ముక్కలు) కొనాలా, శాంపిల్స్ సంఖ్య పెంచాలా? జన్యువుల పని హెచ్చుతగ్గులు పోల్చే మామూలు ప్రాజెక్టుకి ఒక్కో శాంపిల్‌కి 2 నుంచి 3 కోట్ల రీడ్లు సరిపోతాయి. అక్కడ ఆగి, మిగిలిన డబ్బు శాంపిల్స్ మీద పెట్టండి. 2016లో ఈస్ట్ మీద ఒక అధ్యయనం వచ్చింది. ఒక్కో స్థితికి 48 రెప్లికేట్లు (ఒకే స్థితిలో విడివిడిగా తీసిన శాంపిల్స్) చేసి, వాటిలో కొన్ని మాత్రమే తీసుకుంటే ఏమవుతుందో లెక్క కట్టారు. 3 రెప్లికేట్లతో చూస్తే, మొత్తం డేటాలో దొరికిన మార్పుల్లో తేడాలు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్లలో చాలావరకు 20 నుంచి 40 శాతమే పట్టుకోగలిగాయి. ఒక్కో స్థితికి కనీసం 6 ఉండాలని వాళ్ల సలహా. మన విద్యార్థులు 3 దగ్గర ఆగిపోతారు, అదేదో నియమం అన్నట్టు. 2 చాలన్న కొటేషన్లూ చూశాను. దానికి ఒప్పుకోకండి.

అంతకన్నా ముఖ్యమైన లెక్క ఇంకోటి ఉంది. జబ్బు చెరువు ఒకటి, బాగున్న చెరువు ఒకటి తీసుకుని, చెరో దాన్నుంచి 6 రొయ్యలు పట్టారనుకోండి. శాంపిల్స్ పన్నెండు వచ్చాయి గానీ పోల్చింది రెండు చెరువులనే. నీటి ఉప్పదనం, మేత, సీడ్ తెచ్చిన హేచరీ, రొయ్య వయసు అన్నీ ఆ తేడాలో కలిసిపోతాయి. జబ్బు వల్ల వచ్చిన మార్పేదో ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. వేర్వేరు చెరువుల నుంచి తీసుకోండి. వీలైతే ఒకే చెరువులో సోకిన రొయ్యను, సోకని రొయ్యను జతగా తీసుకోండి. ఇంకా వీలుంటే ల్యాబ్‌లోని ట్యాంకుల్లో ఇన్ఫెక్షన్ పెట్టి చూడండి, అప్పుడు కూడా ఒక్కటి కాకుండా నాలుగైదు ట్యాంకులు ఉండాలి.

ఆర్‌ఎన్‌ఏ అయితే చెరువు గట్టు మీదే సగం పని

డీఎన్‌ఏ మొండిది. గాఢ ఇథనాల్‌లో వేసి జాగ్రత్తగా తెస్తే చాలు. ఆర్‌ఎన్‌ఏ అలా కాదు, అందులోనూ హెపటోపాంక్రియాస్ నిండా జీర్ణ ఎంజైములే. రొయ్య చచ్చిన దగ్గర్నుంచీ అవి ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేస్తూనే ఉంటాయి. రొయ్యల్ని ఐసు మీద పెట్టి ల్యాబ్‌కి తెచ్చి, భోంచేసి వచ్చాక కోద్దాం అనుకుంటే ఆ శాంపిల్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

గట్టు మీదే కోయండి. ముక్క మందం అర సెంటీమీటరు దాటకూడదు, దాటితే ద్రావణం లోపలిదాకా ఇంకదు. ముక్కకి 5 నుంచి 10 రెట్లు ఆర్‌ఎన్‌ఏలేటర్ అనే, ఆర్‌ఎన్‌ఏని కాపాడే ద్రావణం పోయాలి. ఈ ద్రావణంలో శాంపిల్ 25 డిగ్రీల దగ్గర వారం, ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర నెల నిలుస్తుందని తయారీదారు చెప్తాడు. 37 డిగ్రీల దగ్గరయితే ఒక్కరోజే. మే నెలలో మన కారు డిక్కీలో 37 ఎప్పుడో దాటిపోతుంది, కాబట్టి ఐస్ బాక్స్ తప్పనిసరి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ద్రావణం బాగా ఇంకాక ఫ్రీజర్‌లోకి మార్చండి. హైదరాబాద్‌కో బెంగళూరుకో పంపేటప్పుడు డ్రై ఐస్ నిండుగా వేయించండి. వారాంతంలో కొరియర్ గోదాములో శాంపిల్ చిక్కుకుపోయే టెన్షన్ లేకుండా సోమవారమో మంగళవారమో పంపండి.

కంపెనీ నుంచి క్వాలిటీ రిపోర్టు వస్తుంది. అందులో ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో చెప్పే, 1 నుంచి 10 దాకా ఉండే ఆర్‌ఐఎన్ అంకె చూసి చాలామంది కంగారు పడతారు. ఆ అంకె వెన్నెముక ఉన్న జంతువుల లెక్కతో తయారైంది. కీటకాలు, రొయ్య-పీతల జాతి జీవుల్లో చాలావాటికి 28ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏలో (రైబోజోములోని పెద్ద ఆర్‌ఎన్‌ఏలో) ముందే ఒక తెగ్గోత ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏని వేడి చేయగానే అది రెండు ముక్కలై, రైబోజోములోనే ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏ 18ఎస్ పక్కకి వచ్చి కూర్చుంటుంది. గ్రాఫులో రెండు శిఖరాల బదులు ఒకటే కనిపిస్తుంది, అంకె పడిపోతుంది, ఆర్‌ఎన్‌ఏ మాత్రం బాగానే ఉండొచ్చు. అంకె ఒక్కటే చూసి శాంపిల్ పారేయకండి, గ్రాఫు తెప్పించుకుని చూడండి. ఒకే సన్నని శిఖరం నిటారుగా ఉంటే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు. ఎడమవైపు, అంటే చిన్న ముక్కల వైపు గుట్టలా పరుచుకుని ఉంటే అది నిజంగానే పాడైంది.

లైబ్రరీ రకం కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. కణంలో ఉన్న ఆర్‌ఎన్‌ఏలో 80 శాతం పైగా ప్రొటీన్లు తయారుచేసే రైబోజోముదే. దాన్ని తప్పించడానికి రెండు దారులున్నాయి. చివర 'ఏ' అక్షరాల వరుస, అంటే పాలీ-ఏ తోక ఉన్నవాటిని ఏరుకోవడం ఒకటి, రైబోజోము ఆర్‌ఎన్‌ఏని తీసేయడం రెండోది. రొయ్య జన్యువులు మాత్రమే కావాలంటే పాలీ-ఏ చవక, శుభ్రం. రొయ్యతోపాటు విబ్రియో అనే బ్యాక్టీరియా ఏం చేస్తోందో కూడా చూడాలంటే అది పనికిరాదు, బ్యాక్టీరియా సందేశాలు ఆ పద్ధతికి చిక్కవు. అప్పుడు రెండో దారే పట్టాలి. కానీ మనుషులకి, ఎలుకలకి తయారుచేసిన కిట్ రొయ్య మీద సరిగా పనిచేయదు. "మీ కిట్ ఏ జీవుల మీద పనిచేస్తుంది?" అని రాతపూర్వకంగా అడగండి.

డీఎన్‌ఏ అయితే ఎంత భాగం?

చెరువు నీటిలోనో రొయ్య పేగులోనో ఏయే బ్యాక్టీరియా ఉన్నాయో చూడటానికి అందరూ ఎంచుకునేది 16ఎస్, అంటే బ్యాక్టీరియా అన్నిట్లో ఉండి వాటిని గుర్తుపట్టడానికి పనికొచ్చే జన్యువు. ఆ జన్యువు దాదాపు 1500 బేసులుంటుంది. మామూలుగా చదివించే వీ3-వీ4 భాగం 460 బేసుల చిల్లర. చవక, ఎక్కువ శాంపిల్స్ పట్టొచ్చు. నెలనెలా చెరువు ఎలా మారుతోందో చూడటానికి నేనూ ఇదే చెప్తాను. చెరువు నీటిలో నాచు, పాచి ఎక్కువ కాబట్టి వాటి క్లోరోప్లాస్టుల 16ఎస్ కూడా డేటాలోకి వస్తుంది. లెక్కల్లోంచి దాన్ని తీసేయాలి. శాంపిల్ ఏదీ వేయకుండా కిట్‌తో తీసిన ఖాళీ ట్యూబు ఒకటి తప్పకుండా చదివించండి, కిట్‌లోంచే వచ్చే బ్యాక్టీరియా డీఎన్‌ఏ ఏదో దానివల్ల తెలుస్తుంది.

16ఎస్ ఎక్కడ చేతులెత్తేస్తుందో చెప్పడానికి ఏహెచ్‌పీఎన్‌డీ అనే రొయ్యల జబ్బు మంచి ఉదాహరణ. ఈ జబ్బుకి కారణం విబ్రియో పారాహీమోలిటికస్‌లో ఉండే, దాదాపు 70 వేల బేసుల ప్లాస్మిడ్, అంటే క్రోమోజోముకి విడిగా ఉండే డీఎన్‌ఏ. దాని మీద ఉన్న పిర్‌ఏ, పిర్‌బీ జన్యువులు విషం తయారు చేస్తాయి. ప్లాస్మిడ్ లేని విబ్రియో ఈ జబ్బు తేదు. రెండింటి 16ఎస్ మాత్రం ఒకటే! "చెరువులో విబ్రియో 30 శాతం ఉంది" అని 16ఎస్ చెప్తే రైతు భయపడాలా వద్దా అన్నది తెలియదు. ఆ రెండు జన్యువులకి పీసీఆర్ చేస్తే అదే రోజు తెలుస్తుంది.

ఆ ప్లాస్మిడ్ ఎక్కడ్నుంచి వచ్చింది, దాంతోపాటు యాంటీబయాటిక్‌లని తట్టుకునే జన్యువులేమైనా ఉన్నాయా అని తెలుసుకోవాలంటే విబ్రియోలని పెంచే టీసీబీఎస్ ప్లేటు మీద కాలనీలు పెంచి, ఒక్కో కాలనీ పూర్తి జీనోము చదివించండి. విబ్రియో పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా పెరుగుతుంది. పసుపు కాలనీలని పారేయకండి, ఇదే ప్లాస్మిడ్ వేరే విబ్రియో జాతుల్లోనూ దొరికింది. మొత్తం జీనోము దాదాపు 50 లక్షల బేసులే, 100 రెట్లు చదివించినా చిన్న డేటానే.

నీటిలోనూ మట్టిలోనూ ఉన్న డీఎన్‌ఏ అంతా కలిపి చదివించే షాట్‌గన్ పద్ధతి 16ఎస్‌కీ, కాలనీ జీనోముకీ మధ్యలో ఉంటుంది. నీటికి, బురదకి బాగుంటుంది. రొయ్య కండకో పేగుకో నేను సిఫారసు చేయను. రీడ్లలో అత్యధిక భాగం రొయ్యవే వస్తాయి, వాటికీ మీరే డబ్బు కడతారు.

పొట్టి రీడ్లు, పొడవు రీడ్లు

ఇల్యుమినా యంత్రాలు మామూలుగా రెండువైపుల నుంచి 150 బేసుల చొప్పున చదువుతాయి. తప్పులు తక్కువ, ధర తక్కువ. జన్యువుల పని లెక్కకట్టడానికి, తెలిసిన జీనోములో చిన్న మార్పులు వెతకడానికి ఇదే చాలు. ప్యాక్‌బయో హైఫై రీడ్లు 15-20 వేల బేసులు ఉండి కూడా 99.9 శాతం ఖచ్చితంగా వస్తాయి. నానోపోర్ ఇంకా పొడవు చదవగలదు. దాని చిన్న యంత్రం అరచేతిలో పడుతుంది, ఆర్‌ఎన్‌ఏని డీఎన్‌ఏగా మార్చకుండా నేరుగా కూడా చదువుతుంది.

పైన చెప్పిన ప్లాస్మిడ్‌నే తీసుకోండి. అందులో ఎగిరి చోటు మారే జన్యువులున్నాయి, అవే వరుసలు క్రోమోజోములో కూడా ఉండొచ్చు. 150 బేసుల రీడ్ అక్కడికి రాగానే ఎటు కలపాలో తెలియక అసెంబ్లీ (ముక్కలు కలిపి జీనోము కట్టే పని) తెగిపోతుంది. విషపు జన్యువు ప్లాస్మిడ్ మీదుందా, క్రోమోజోములోకి చేరిందా అన్నది తేలదు. ఇలాంటిచోట ప్రతి కాలనీకీ అక్కర్లేదు గానీ, రెండు మూడింటికైనా పొడవు రీడ్లు చేయించండి.

పెద్ద జీవి కొత్త జీనోము కట్టాలన్న ఆశ చాలామందికి ఉంటుంది. వెన్నామి జీనోము 2019లో వచ్చింది, దాదాపు 166 కోట్ల బేసులు, అందులో చిన్న చిన్న వరుసలు మళ్లీ మళ్లీ వచ్చే భాగం చాలా ఎక్కువ. మన కవ్వల చేప జీనోముని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) 2023లో ప్రచురించింది. ఇవి పెద్ద బృందాలు చేసే పనులు. ఒక్క విద్యార్థి, ఒక్క గ్రాంటు మీద దీన్ని తలకెత్తుకోవద్దనే నా సలహా. ఇప్పటికే ఉన్న జీనోముల ఆధారంగా వెయ్యి మంచి ప్రశ్నలు వేయొచ్చు. చేపల పనయితే పాండురంగాపురంలో ఉన్న సీఎంఎఫ్‌ఆర్‌ఐ ప్రాంతీయ కేంద్రంలో ముందు మాట్లాడి చూడండి.

మనుషుల శాంపిల్స్ అయితే

సికిల్ సెల్‌కి కారణం హెచ్‌బీబీ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మార్పు, జీఏజీ కాస్తా జీటీజీ అవుతుంది. ఒక గ్రామంలో ఎవరెవరికి ఉందో చూడటానికి రక్తపరీక్షలున్నాయి, కావాలంటే ఆ చిన్న భాగాన్ని సాంగర్ పద్ధతిలో చదివించవచ్చు. జీనోము అక్కర్లేదు. ఒకే మార్పు ఉన్న ఇద్దరిలో ఒకరికి జబ్బు తీవ్రంగా, ఇంకొకరికి తేలికగా ఎందుకుంటుంది అన్న ప్రశ్నకి మాత్రం ఎక్కువ వెతకాలి. ఇక్కడ ఎక్సోమ్ (ప్రొటీన్లకి సంబంధించిన భాగాలే చదివే పద్ధతి) చవకని దానికే వెళ్తారు. ఎక్సోమ్ చదివేది జీనోములో 1-2 శాతమే. జబ్బు తీవ్రతని తగ్గించే, ఆల్ఫా తలసీమియా అనే ఇంకో రక్త లోపంలో, మన దేశపు గిరిజనుల్లో ఎక్కువగా కనిపించేది 3.7 వేల బేసులు ఊడిపోయిన రకం. ఒకేలాంటి రెండు జన్యువుల మధ్య జరిగే ఈ లోపాన్ని ఎక్సోమ్ నమ్మకంగా పట్టుకోలేదు. దానికి, ఊడిపోయిన భాగాన్ని పట్టే గ్యాప్-పీసీఆర్ ఉంది, చాలా చవక. పూర్తి జీనోము చేయించే స్తోమత ఉంటే అది వేరే సంగతి.

రక్తంలో ఆర్‌ఎన్‌ఏ చదివిస్తే రక్తకణాల్లో పనిచేసే జన్యువులే కనిపిస్తాయి. మెదడులోనో గుండెలోనో పనిచేసే జన్యువు గురించి దాన్నుంచి చెప్పలేం.

నైతిక కమిటీ అనుమతి రాకముందు ఒక్క చుక్క రక్తం కూడా తీయకూడదు. అంగీకార పత్రం తెలుగులో ఉంటేనే సరిపోదు, ఆ ఊళ్లో మాట్లాడే భాషలో చదివి వినిపించాలి. డేటా ఎక్కడ ఉంచుతారో, ఎవరు చూస్తారో అందులో ఉండాలి. తమ ఒంటి సమాచారం మన చేతిలో పెట్టేవాళ్లకి అది తెలిసే హక్కు ఉంది.

కొత్త డేటా కొనేముందు

అమెరికా సంస్థ ఎన్‌సీబీఐ వారి ఉచిత డేటా భాండాగారం ఎస్‌ఆర్‌ఏలో వెన్నామి ఆర్‌ఎన్‌ఏ డేటా ఇప్పటికే చాలా ఉంది. యూరప్ వారి ఈఎన్‌ఏ, జపాన్ వారి డీడీబీజేలతో అది పంచుకుంటుంది. ఎక్కడ వెతికినా ఒకటే, డౌన్‌లోడ్‌కి ఈఎన్‌ఏ తేలిక. మన దేశపు డేటాకి ఫరీదాబాద్‌లోని ఐబీడీసీ (భారత జీవ డేటా కేంద్రం) ఉంది. 10 వేల మంది భారతీయుల జీనోములు చదివిన జీనోమ్ ఇండియా డేటా 2025 జనవరి నుంచి పరిశోధకులకి అక్కడే, దరఖాస్తు చేసుకుంటే అనుమతి మీద దొరుకుతోంది. విదేశీ డేటాతో పోల్చి "ఇది అరుదైన మార్పు" అనేసే ముందు అందులో చూడాలి. మనలో అది మామూలుదే కావచ్చు.

ఉచిత డేటాలో దొరకనిది వివరం. రొయ్య వయసెంత, ఏ అవయవం, ఎన్ని గంటల తర్వాత తీశారు, ఒక్కో ట్యూబులో ఒక రొయ్యా, పది కలిపారా? ఇవి రాయని డేటా ఎంత పెద్దదైనా పక్కన పెట్టండి. రెండు వేర్వేరు అధ్యయనాల నుంచి జబ్బువి ఒకటి, బాగున్నవి ఒకటి తెచ్చి పోల్చకండి. ఆ తేడా ల్యాబులదో జబ్బుదో తెలియదు. ఒకే అధ్యయనంలో రెండూ ఉన్నవి ఎంచుకుని, అవి రెండు మూడు తీసుకుని, అన్నింట్లోనూ ఒకే దిశలో కదిలిన జన్యువులు చూడండి. ఎంఎస్సీ ప్రాజెక్టుకి ఇది పూర్తిగా సరిపోతుంది, దీన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు.

కొత్త డేటా తప్పదనుకున్నవాళ్లు కూడా ముందు ఒక ఉచిత డేటాని మొదట్నుంచి చివరిదాకా చేసి చూడండి. కంప్యూటర్ సరిపోతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. స్టార్ లాంటి అలైనర్‌కి (రీడ్లని జీనోములో వాటి చోటికి చేర్చే సాఫ్ట్‌వేర్‌కి) మనిషి జీనోము అయితే 30 జీబీ ర్యామ్ కావాలి. సాల్మన్ అనే సాఫ్ట్‌వేర్ మామూలు 16 జీబీ ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ల్యాప్‌టాప్ చిన్నదయితే గెలాక్సీ సర్వర్లు ఉచితం, బ్రౌజర్‌లోనే పనవుతుంది. కమాండ్ లైన్ రానివాళ్లకి అక్కడే మొదలుపెట్టమని చెప్తాను. హాస్టల్ వైఫైతో పెద్ద ఫైళ్లు ఎక్కించాల్సిన పని కూడా లేదు, ఈఎన్‌ఏ లింకు ఇస్తే సర్వరే తెచ్చుకుంటుంది. తేడాల లెక్కకి డీసెక్2, ఎడ్జ్‌ఆర్ సాఫ్ట్‌వేర్లు రెండూ మంచివే. ఏది వాడాలని రోజులు పాడుచేసుకోకండి.

చివరికి కంపెనీకే ఇస్తే ఆర్డర్‌లో రాయించుకోవాల్సినవి ఉన్నాయి: ముడి ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (రీడ్లు ఉండేవి), వాటి ఎండీ5 అంకెలు (ఫైలు చెడలేదని సరిచూసేవి), లైబ్రరీ కిట్ పేరు, అది స్ట్రాండ్ (డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఏదో) చెప్పే రకమా కాదా, క్వాలిటీ గ్రాఫులు. రంగురంగుల పీడీఎఫ్ రిపోర్టు ఒక్కటే ఇచ్చి సరిపెడతానంటే ఒప్పుకోకండి, రేపు రివ్యూయర్ అడిగితే మళ్లీ లెక్క చేయడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. హార్డ్ డిస్క్ చేతికొచ్చిన రోజే ఎండీ5 సరిచూసి, రెండో కాపీ వేరేచోట పెట్టండి. కంపెనీలు మీ డేటాని కొన్నాళ్లే ఉంచుకుంటాయి. ఏ చెరువు, ఏ తేదీ, ఏ ట్యూబు అన్న పట్టిక కూడా ఆ డిస్క్‌లోనే, ఆ రోజే వేయండి. పేపర్ పంపేనాటికి ఐబీడీసీకో ఎస్‌ఆర్‌ఏకో డేటా ఇవ్వాల్సి వస్తుంది, అప్పుడు వాళ్లు అడిగేది ఆ పట్టికనే.